ముందు అద్దం మార్చిన తర్వాత వస్తున్న హెచ్చరికలు: కెమెరాను మార్చవలసిందేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా కారులో లోపలి మిర్రర్ వెనుక, ముందు అద్దానికి ఆనుకొని ఒక కెమెరా ఉంది. లేన్ దాటితే హెచ్చరించడం, స్టీరింగును మెల్లగా సరిదిద్దుతూ కారును లేన్‌లో నిలపడం, ముందు వాహనాన్ని గుద్దే ప్రమాదం కనిపిస్తే తనంతట తానే బ్రేకు వేయడం, రాత్రివేళ ఎదురు వాహనం వస్తే హైబీమ్‌ను దించడం, ఈ నాలుగు పనులూ ఆ ఒక్క కెమెరా మీదే ఆధారపడి ఉన్నాయి. మొదటి రెండేళ్లలో వీటితో నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

నాలుగు నెలల క్రితం రాయి తగిలి ముందు అద్దం పగిలింది. కొత్త అద్దం వేసినవారు స్కానర్ పెట్టి, కారును కొంతదూరం నడిపి, కాలిబ్రేషన్ (కెమెరా చూపును కారుకు సరిపోయేలా సరిచేసే పని) పూర్తయిందని చెప్పి అప్పగించారు. ఆ తర్వాతి వారం నుంచి మూడు రకాల తేడాలు గమనిస్తున్నాను. మొదటిది, తేమగా ఉన్న ఉదయాల్లో బయలుదేరిన కొద్ది నిమిషాలకే "ముందు కెమెరా తాత్కాలికంగా పనిచేయడం లేదు" అనే సందేశం వస్తోంది, అరగంట తర్వాత దానంతట అదే పోతోంది. రెండవది, ఎండలో చాలాసేపు నిలిపిన కారును తీసినప్పుడు కూడా అదే సందేశం వస్తోంది. మూడవది నన్ను ఎక్కువగా భయపెడుతోంది. లేన్‌లో నిలిపే సహాయం పనిచేస్తున్నంతసేపూ కారు మధ్యలో కాకుండా ఎడమ గీతకు దగ్గరగా నడుస్తోంది. ఒకసారి ఖాళీ రోడ్డు మీద, ముందు ఏ వాహనమూ లేకుండానే, ఢీకొనే ప్రమాదం ఉందన్న హెచ్చరిక కూడా మోగింది.

వర్క్‌షాపుకు మూడుసార్లు తీసుకువెళ్లాను. మూడుసార్లూ ఫాల్ట్ కోడ్‌లు (కారు కంప్యూటర్లు నమోదు చేసుకునే లోపాల గుర్తులు) చెరిపేసి పంపారు. ఇప్పుడు కెమెరాయే పాడైందని, కొత్తది వేయాలని అంటున్నారు. ఆ మాట నమ్మి పెద్ద ఖర్చుకు సిద్ధపడే ముందు నేను చూసుకోవలసినవి, వారిని అడగవలసినవి ఏమిటో అనుభవజ్ఞులు చెప్పగలరా?

మొదటి సమాధానం

నమస్కారమండి. కెమెరా మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోవద్దు. మీరు చెప్పిన మూడు లక్షణాలకు మూడు వేర్వేరు కారణాలు ఉండే అవకాశం ఎక్కువ, వాటిలో ఏ ఒక్కటీ కెమెరా లోపలి భాగం పాడైందని నేరుగా చూపడం లేదు. పాడైన కెమెరా అరగంట తర్వాత బాగుపడి, మరునాడు మళ్లీ అదే వేళకు పాడవడం అరుదు.

ముందుగా ఆ సందేశంలోని మాటలను శ్రద్ధగా చదవాలి. "తాత్కాలికంగా పనిచేయడం లేదు" అన్నప్పుడు, తన ముందున్న దృశ్యాన్ని నమ్మలేకపోతున్నాననీ లేదా తన పరిస్థితులు హద్దు దాటాయనీ కెమెరా తానే గుర్తించి పక్కకు తప్పుకుందని అర్థం. "లోపం ఉంది, సర్వీసు చేయించండి" అన్న సందేశం వేరు. అది వైరింగు, విద్యుత్ సరఫరా, కాలిబ్రేషన్ లేదా కెమెరా యూనిట్ లోపానికి సంబంధించినది. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల ఎన్నో మంచి కెమెరాలు అనవసరంగా విప్పబడుతున్నాయి, అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

తేమ ఉన్న ఉదయాల్లో వచ్చే సందేశానికి నా మొదటి అనుమానం అద్దం లోపలి పొగమంచు మీద. కెమెరా చుట్టూ నల్లని ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, ఆ తొడుగుకూ అద్దానికీ మధ్య చిక్కుకున్న గాలిలో తేమ ఉంటే, చల్లని అద్దం మీద అది మంచులా పడుతుంది. డ్రైవరు ముందున్న అద్దం ఏసీ గాలికి రెండు నిమిషాల్లో తేటపడినా, తొడుగు లోపలికి ఆ గాలి చేరదు కాబట్టి అక్కడి మంచు అలాగే ఉండిపోతుంది. డ్రైవరుకు రోడ్డు స్పష్టంగా కనిపిస్తుంటే కెమెరాకు మాత్రం కనిపించదు. ఈ ఇబ్బందిని నివారించడానికే చాలా కార్లలో కెమెరా చూసే భాగంలో సన్నని హీటర్ తీగలను అద్దంలోనే గానీ, తొడుగులో చిన్న హీటర్ పలకను గానీ అమరుస్తారు. మీ కారులో అది ఉందో లేదో, ఉంటే కొత్త అద్దం కూడా ఆ రకానిదేనా, దాని కనెక్టర్ తిరిగి తగిలించారా అన్నవి అద్దం వేసినవారిని అడగండి. చూడడానికి ఒకేలా ఉండే అద్దాల్లో హీటర్ ఉన్నవీ లేనివీ రెండు రకాలూ దొరుకుతాయి.

ఎండలో నిలిపిన తర్వాత వచ్చే సందేశం మాత్రం లోపం కాకపోవచ్చు. అద్దానికి ఆనుకొని ఉన్న కెమెరా ఎండలో కారులోని మిగిలిన వస్తువులకంటే ఎక్కువగా వేడెక్కుతుంది, హద్దు దాటగానే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఏసీ గాలిని ముందు అద్దం వైపు తిప్పి కొన్ని నిమిషాలు నడిపి చూడండి. సందేశం త్వరగా పోతే కారణం వేడే. పాత అద్దం ఉన్నప్పుడు కూడా ఇలా జరిగేదా అన్నది కూడా గుర్తుచేసుకోండి.

మీరే చేయగలిగిన పని మరొకటి ఉంది. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వేడికి వెలువడే ఆవిరి అద్దం లోపలివైపు సన్నని జిడ్డు పొరగా పేరుకుంటుంది. మామూలు వెలుతురులో కనిపించని ఆ పొర సూర్యుడు ఎదురుగా తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు పాలపొరలా తెల్లబడుతుంది. చేయి అందినంత మేర నూలుపోగులు రాలని పొడి గుడ్డతో తుడవండి. తొడుగు లోపలి భాగాన్ని మాత్రం విప్పడం తెలిసినవారి చేతనే తుడిపించాలి. కెమెరా కటకాన్ని వేలితో తాకకూడదు, దాని మీద ఏ ద్రవాన్నీ చల్లకూడదు.

రెండవ సమాధానం

కాలిబ్రేషన్ పనిలో ఉన్నవాడిగా మీ మూడవ లక్షణం గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే అసలైన ప్రమాదం అందులోనే ఉంది. కనిపించడం లేదని చెప్పే కెమెరా కంటే, వంకరగా చూస్తూ అంతా బాగానే ఉందనుకునే కెమెరా ఎక్కువ కీడు చేస్తుంది.

కెమెరా కుడికో ఎడమకో 1 డిగ్రీ పక్కకు తిరిగి ఉందనుకోండి. 50 మీటర్ల దూరంలో ఆ తేడా దాదాపు 87 సెంటీమీటర్లు, 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లు అవుతుంది. సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు లేన్‌లో అది సగం లేన్‌తో సమానం. ముందుకో వెనుకకో వాలడం ఇంకా కష్టమైన విషయం. ఒకే కటకంతో చూసే కెమెరా దూరాన్ని లెక్కకట్టే పద్ధతుల్లో ముఖ్యమైనది, ముందు వాహనం చక్రాలు నేలను తాకే చోటు దిగంతరేఖకు ఎంత కిందుగా కనిపిస్తోందో చూడడం. కెమెరా నేలకు 1.3 మీటర్ల ఎత్తున ఉంటే, 50 మీటర్ల దూరంలోని వాహనం అడుగు దిగంతరేఖకు దాదాపు ఒకటిన్నర డిగ్రీ కిందుగా కనిపిస్తుంది. కెమెరా కేవలం అర డిగ్రీ తప్పుగా వాలి, ఆ తప్పు సరిదిద్దబడకపోతే, అదే వాహనం ఒకవైపు వాలినప్పుడు 75 మీటర్లలో ఉన్నట్టు, రెండవవైపు వాలినప్పుడు 37 మీటర్లలోనే ఉన్నట్టు లెక్క వస్తుంది. చాలా కెమెరాలు నడుస్తున్నప్పుడే చిన్న తేడాలను తమంతట తాము సరిచేసుకుంటాయి, కానీ దానికి ఒక హద్దు ఉంటుంది. మీరు చెప్పిన అకారణ హెచ్చరిక వెనుక ఇలాంటి తేడా ఉండవచ్చు. తొడుగు సరిగా కూర్చోక డ్యాష్‌బోర్డు ప్రతిబింబం కెమెరాలో పడడం కూడా ఉండవచ్చు. ఆ తొడుగు లోపలి గరుకు గీతలు అందం కోసం పెట్టినవి కావు, పక్కనుంచి వచ్చే వెలుతురును మింగడానికి పెట్టినవి.

కెమెరా కోణాన్ని నిర్ణయించేది అద్దానికి అతికించి ఉన్న బ్రాకెట్. అద్దంతోపాటు అది కూడా కొత్తదే వస్తుంది. కాబట్టి పాత కెమెరానే తిరిగి పెట్టినా దాని చూపు పాతది కాదు, కాలిబ్రేషన్ తప్పనిసరి. కెమెరా చూసే కిటికీ భాగంలో అద్దం ఏ మాత్రం అలలుగా ఉన్నా గీతలు వంకరగా కనిపిస్తాయి, ఆ తప్పును ఏ కాలిబ్రేషనూ పూర్తిగా దిద్దలేదు.

మీకు చేసినది రోడ్డు మీద నడిపి చేసే కాలిబ్రేషన్. కొన్ని కార్లకు తయారీదారు అదొక్కటే చాలంటాడు, కొన్నింటికి కారు ముందు గుర్తులున్న బోర్డు పెట్టి, కారును నిలిపి చేసేది కావాలంటాడు, కొన్నింటికి రెండూ కావాలంటాడు. మీ మోడల్‌కు ఏది నిర్దేశించారో సర్వీసు మాన్యువల్‌లో చూపించమని వర్క్‌షాపును అడగండి. రోడ్డు మీద చేసే పద్ధతికి రెండువైపులా స్పష్టమైన గీతలు, పొడి రోడ్డు, మంచి వెలుతురు, నిర్దేశించిన వేగం ఉండాలి. నిలిపి చేసే పద్ధతికి సమతలమైన నేల, అన్ని టైర్లలో సరైన గాలి, సామాను బరువు లేని కారు, బోర్డు మీద మెరుపులు పడని సమానమైన వెలుతురు కావాలి. బోర్డును కంటి అంచనాతో నిలబెట్టకూడదు. దూరం, ఎత్తు, కారు మధ్యరేఖ అన్నీ కొలిచి పెట్టాలి.

అయితే వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని వీల్ అలైన్‌మెంట్. వెనుక చక్రాలు కాస్త పక్కకు తిరిగి ఉంటే కారు తన మధ్యరేఖ వెంట కాకుండా ఏటవాలుగా పోతుంది, దాన్ని నేరుగా నడపడానికి మీరు స్టీరింగును కొద్దిగా తిప్పి పట్టుకోవలసి వస్తుంది. ఆ స్థితిలో కాలిబ్రేషన్ చేస్తే కెమెరా ఆ వంకరనే సూటి అని నేర్చుకుంటుంది. అందుకే అలైన్‌మెంట్, ఆ తర్వాత స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచే స్టీరింగ్ యాంగిల్ సెన్సార్‌ను సున్నాకు తేవడం, చివరగా కెమెరా అన్న వరుసను మార్చకూడదు.

మీరే ఒక పరీక్ష చేయండి. ట్రాఫిక్ లేని సమతలమైన తిన్నని రోడ్డు మీద లేన్ సహాయాన్ని ఆపి నడపండి. అప్పుడు కూడా కారు ఎడమకు లాగుతుంటే, లేదా నేరుగా పోతున్నప్పుడు స్టీరింగు చక్రం నిటారుగా లేకపోతే, తప్పు చక్రాల దగ్గర వెతకాలి. సహాయం ఆపగానే కారు తిన్నగా పోతుంటే కెమెరా చూపును అనుమానించాలి. నీరు పోవడానికి రోడ్డు అంచువైపు వాలుగా ఉంటుందన్నది మరచిపోకుండా, ఆ వాలు లేనిచోటనే ఈ పరీక్ష చేయండి.

మూడవ సమాధానం

పైవారు చెప్పినదానికి విద్యుత్ వైపు నుంచి కొంత చేర్చుతాను. కోడ్‌లను చదవకుండా చెరిపేయడం, నాడి చూడకుండా రోగిని ఇంటికి పంపడం వంటిది. ఈసారి వెళ్లినప్పుడు చెరిపే ముందు పూర్తి స్కాన్ నివేదికను ముద్రించి ఇమ్మని గట్టిగా అడగండి. ఒక్క కెమెరాది కాదు, కారులోని అన్ని కంట్రోల్ యూనిట్లదీ (ఒక్కొక్క భాగాన్ని నడిపే చిన్న కంప్యూటర్లదీ) కావాలి. బ్రేకు, స్టీరింగ్, ఇంజన్ యూనిట్లలో ఏ ఒక్కదానిలో లోపం ఉన్నా కెమెరా మీద ఆధారపడిన సహాయాలు ఆగిపోతాయి. సుబారు కార్లలో రెండు కెమెరాలతో పనిచేసే ఐసైట్ అనే సహాయ వ్యవస్థలో, ఇంజన్ హెచ్చరిక దీపం వెలిగినా సహాయాలు ఆగిపోవడం చాలామందికి తెలిసిన ఉదాహరణ. అక్కడ కెమెరాలను ఎంత తుడిచినా ఫలితం ఉండదు.

నివేదికలో మూడు సంగతులు చూడండి. కోడ్ మొదటి అక్షరం యు (U) అయితే అది యూనిట్ల మధ్య సమాచార మార్పిడికి సంబంధించినది, సి (C) అయితే చాసీకి, అంటే బ్రేకులు, స్టీరింగు వంటి భాగాలకు సంబంధించినది. కోడ్ ఇప్పుడు ఉన్నదా, గతంలో వచ్చి పోయినదా అన్నది రెండవది. మూడవది చాలా విలువైనది, అయినా ఎక్కువమంది చూడరు. లోపం నమోదైన క్షణంలో వేగం, బ్యాటరీ వోల్టేజీ, ఓడోమీటర్ అంకె ఎంతున్నాయో చాలా కార్లు కోడ్‌తోపాటే దాచుకుంటాయి. ఆ వోల్టేజీ బాగా తక్కువగా ఉంటే కెమెరాను వదిలి బ్యాటరీని చూడాలి. ఇంజన్ ఆపి కొన్ని గంటలు నిలిపిన తర్వాత నిండు బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. 12.2 దగ్గర ఉంటే అది సగం ఖాళీ అయినట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుంచి 14.7 వరకు ఉంటుంది, అవసరాన్ని బట్టి చార్జింగును తగ్గించుకునే తెలివైన ఆల్టర్నేటర్లున్న కార్లలో మాత్రం అంతకంటే తగ్గడం కూడా సహజమే.

సమాచారం తెగిపోయే కోడ్ ఇప్పటికీ ఉన్నదిగా చూపితే క్యాన్ (యూనిట్ల మధ్య సమాచారం మోసే రెండు తీగల లైన్) తీగలను కొలవాలి. బ్యాటరీ తీసి, యూనిట్లు నిద్రపోయాక, రెండు తీగల మధ్య నిరోధం దాదాపు 60 ఓమ్‌లు రావాలి. రెండు చివర్లలో ఉండే 120 ఓమ్‌ల నిరోధాలు సమాంతరంగా కలిసి ఇచ్చే విలువ అది. 120 వస్తే ఒక చివర తెగిందని, సున్నాకు దగ్గరగా వస్తే తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం. ఒకే కారులో ఇలాంటి లైన్లు చాలా ఉంటాయి కాబట్టి, కెమెరా ఏ లైన్ మీద ఉందో వైరింగ్ చిత్రంలో చూసుకున్నాకే కొలవాలి.

ఇంకొక ప్రశ్న. అద్దం మార్చిన తర్వాత డ్యాష్‌క్యామ్ గానీ, అద్దం పైభాగంలో ఏదైనా స్టిక్కర్ గానీ పెట్టారా? మిర్రర్ దగ్గరి తీగల నుంచే డ్యాష్‌క్యామ్‌కు కరెంటు లాగడం వల్ల కెమెరా కనెక్టర్ వదులైన సందర్భాలు నేను చూశాను.

నాల్గవ సమాధానం

మరమ్మతు పూర్తయ్యేవరకు లేన్‌లో నిలిపే సహాయాన్ని తప్పకుండా ఆపి ఉంచండి. స్టీరింగును తప్పుడు వైపుకు లాగే సహాయం కంటే అది లేకపోవడమే మేలు. అకారణంగా హెచ్చరిక మోగింది కాబట్టి ఆటోమేటిక్ బ్రేకును కూడా ఆపివేయడమే మంచిదని నా అభిప్రాయం. వెనుక వస్తున్నవారు ఊహించని బ్రేకు వారికి ప్రమాదం.

రెండవ సమాధానం రాసినవారి స్పందన

లేన్ సహాయం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. బ్రేకు విషయంలో మాత్రం తొందరపడవద్దని నా మనవి. ఇప్పటివరకు ఒక్కసారి హెచ్చరిక మోగిందే తప్ప బ్రేకు పడలేదు. అది ఎప్పుడో ఒకసారి ప్రాణం కాపాడే సహాయం. అకారణంగా బ్రేకు నిజంగా పడితే వెంటనే ఆపి, కారును నేరుగా వర్క్‌షాపుకు తీసుకువెళ్లాలి. అంతవరకు దాన్ని ఉంచి, దాని మీద భారం వేయకుండా, ముందు వాహనానికి మామూలు కంటే ఎక్కువ దూరం పాటిస్తూ నడపడమే నేను ఎవరికైనా చెప్పేది.

ప్రశ్న అడిగినవారి స్పందన

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. డ్యాష్‌క్యామ్, స్టిక్కర్ ఏమీ లేవు. లేన్ సహాయాన్ని ఆపి తిన్నని రోడ్డు మీద నడిపి చూశాను. కారు ఎడమకు లాగడం లేదు గానీ, నేరుగా పోతున్నప్పుడు స్టీరింగు చక్రం కొద్దిగా కుడివైపు తిరిగి ఉంటోంది. ఇన్నాళ్లూ దాన్ని నేను గమనించనే లేదు.

స్కాన్ నివేదికను పట్టుబట్టి తీసుకున్నాను. కెమెరా యూనిట్‌తో సమాచారం తెగిపోయిందనే ఒక యు కోడ్ గతంలో వచ్చినదిగా ఉంది. దానితో దాచిన ఓడోమీటర్ అంకెను అద్దం మార్చిన రోజు రసీదుతో పోల్చితే రెండూ ఒకటే. మూడుసార్లు చెరిపారు కదా, ఇది ఎలా మిగిలిందని అడిగితే, కెమెరా యూనిట్‌లోని కోడ్‌లనే చెరిపామనీ, ఇది మరొక యూనిట్‌లో దాగి ఉందనీ చెప్పారు. వారు కెమెరా మార్చాలనడానికి ఈ కోడ్‌నే ఆధారంగా చూపారు. ఇది అద్దం మార్చిన రోజు పని వల్ల పడిన కోడే తప్ప కెమెరా లోపం కాదన్న నా ఆలోచన సరైనదేనా అన్నది మీరే చెప్పాలి.

మూడవ సమాధానం రాసినవారి స్పందన

సరైనదే. అద్దం మార్చేటప్పుడు కెమెరా కనెక్టర్ తీసి ఉండగా ఎవరో ఇగ్నిషన్ వేశారు. కెమెరా పలకడం లేదని మిగిలిన యూనిట్లు రాసుకున్నాయి. నాలుగు నెలల్లో మళ్లీ ఒక్కసారి కూడా రాని కోడ్ ఆ రోజు జరిగిన పనికి గుర్తే తప్ప నేటి లోపానికి సాక్ష్యం కాదు. దాన్ని చూపి కెమెరా మార్చమనడం, రోగం ఒకటైతే మందు మరొకటి వేయడమే. ఇక అలైన్‌మెంట్ చేయించి, తొడుగు విప్పించి చూడండి.

ప్రశ్న అడిగినవారి రెండవ స్పందన

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, మూడు వారాలు నడిపి చూశాకే రాయాలనుకున్నాను.

కాలిబ్రేషన్ ప్రత్యేకంగా చేసే వేరొక వర్క్‌షాపుకు వెళ్లాను. వారు నా ఎదుటే తొడుగు విప్పారు. అద్దంలో హీటర్ తీగలు ఉన్నాయి, కానీ వాటి రెండు పిన్నుల కనెక్టర్ తగిలించకుండా పక్కకు మడిచి ఉంది. తొడుగు క్లిప్పుల్లో ఒకటి విరిగి, కింది అంచు అద్దానికి ఆనకుండా సన్నని సందు మిగిలింది. కనెక్టర్ తగిలించి, తొడుగు మార్చి, లోపలి అద్దాన్ని తుడిచారు. అలైన్‌మెంట్ యంత్రం మీద వెనుక చక్రాలు నిర్దేశించిన హద్దు దాటి పక్కకు ఉన్నట్టు తేలింది. దాన్ని సరిచేసి, స్టీరింగ్ సెన్సార్‌ను సున్నాకు తెచ్చి, బోర్డు పెట్టి కాలిబ్రేషన్ చేశారు, తర్వాత రోడ్డు మీద కూడా నడిపి పూర్తి చేశారు. నా మోడల్‌కు రెండూ అవసరమని మాన్యువల్‌లో ఉన్న పేజీని కూడా చూపించారు. కెమెరా మాత్రం పాతదే.

ఇప్పుడు కారు లేన్ మధ్యలోనే నడుస్తోంది, స్టీరింగు నిటారుగా ఉంది, అకారణ హెచ్చరిక మళ్లీ రాలేదు. తేమ ఉన్న ఉదయాల్లో సందేశం రావడం లేదు. ఎండలో గంటల తరబడి నిలిపితే మాత్రం ఇప్పటికీ ఒక్కొక్కసారి వస్తోంది, ఏసీ గాలిని అద్దం మీదికి తిప్పితే నాలుగైదు నిమిషాల్లో పోతోంది. పాత అద్దం ఉన్నప్పుడు కూడా వేసవిలో ఒకటి రెండుసార్లు ఇలా వచ్చిందని ఇంట్లోవారు గుర్తుచేశారు.

రెండవ సమాధానం రాసినవారి చివరి స్పందన

చాలా సంతోషమండి. కాలిబ్రేషన్ ముందు, తర్వాత తీసిన రెండు స్కాన్ నివేదికలనూ, అలైన్‌మెంట్ కొలతల కాగితాన్నీ కారు పత్రాలతోపాటే దాచుకోండి. ఇకముందు సస్పెన్షన్ పని చేయించినా, టైర్ల సైజు మార్చినా, చిన్న దెబ్బకు ముందు బంపర్ విప్పినా, మళ్లీ కాలిబ్రేషన్ అవసరమా అని మాన్యువల్ చూసి చెప్పమని ముందే అడగండి. బంపర్ వెనుక రాడార్ కూడా ఉన్న కార్లలో దాని లెక్క వేరు, దానికి మరొక కాలిబ్రేషన్ ఉంటుంది.